బీటిల్ హ్యాండ్‌బ్రేక్‌తో నా కుస్తీ

చిన్న వాలు మీద కారు ఆపి, హ్యాండ్‌బ్రేక్ లాగి, వెనక సీట్లో ఉన్న సంచి తీసుకుందామని దిగాను. తలుపు వేసేలోపే నా 1970 మోడల్ ఫోక్స్‌వ్యాగన్ బీటిల్ మెల్లగా వెనక్కి జారడం మొదలుపెట్టింది. ఒక్క గెంతులో లోపలికి దూరి కాలి బ్రేకు తొక్కాను. వెనక ఎవరూ లేరు కాబట్టి సరిపోయింది. తప్పు బండిది కాదు, నాదే. హ్యాండ్‌బ్రేక్ పట్టడం లేదని ఏడాదిగా తెలుసు. గేరులో పెట్టి వదిలేస్తూ రోజులు నెట్టుకొచ్చాను. ఆ రోజు న్యూట్రల్‌లో వదిలాను, అంతే తేడా.

హ్యాండ్‌బ్రేక్ లివర్ దాదాపు నిటారుగా లేచేది. లాగుతుంటే పది, పదకొండు టక్కులు వినిపించేవి. అంత పైకి వస్తోందంటే కేబుల్ వదులైందనే కదా ఎవరైనా అనుకునేది! నేనూ అదే అనుకున్నాను. ఈ బండిలో లివర్ అడుగున రబ్బరు ముసుగు (బూటు) ఎత్తితే రెండు కేబుళ్ల కొసలు కనిపిస్తాయి, వెనక చక్రాలకు చెరొకటి. పదో నంబరు స్పానర్‌తో రెండు నట్లూ బిగించాను. పావుగంట పని. లివర్ ఐదు టక్కులకే ఆగింది. మెకానిక్‌కు ఇచ్చే డబ్బు మిగిలిందని సంబరపడ్డాను.

మర్నాడు కొంత దూరం తిరిగొచ్చేసరికి మాడు వాసన. కుడి వెనక చక్రం దగ్గర చెయ్యి పెట్టలేనంత వేడి. ఎడమది మామూలుగానే ఉంది. లివర్ పూర్తిగా దించినా కుడివైపు షూలు (లోపల ఒత్తుకుని బ్రేకు పట్టే ముక్కలు) డ్రమ్మును (చక్రంతో పాటు తిరిగే గుండ్రటి డబ్బాను) వదలడం లేదు. రోగం తగ్గలేదు సరికదా, ఇంకోటి అంటించాను.

పాత బళ్లు విప్పడం అలవాటున్న ఒక పెద్దాయనకు ఫోన్ చేశాను. అంతా విని, "లివర్ దగ్గర నీకేం పని బాబూ? ముందు డ్రమ్ములు ఊడదియ్యి" అన్నారు.

ఊడదియ్యమనడం తేలికే. బీటిల్ వెనక డ్రమ్ము యాక్సిల్ చివర 36 నంబరు నట్టుతో బిగించి ఉంటుంది. దాని బిగింపు సుమారు 294 న్యూటన్ మీటర్లు. అంటే మీటరు పొడవున్న గొట్టం చివర 30 కిలోల బరువు వేలాడదీసినంత. పైగా ఎన్నో ఏళ్ల తుప్పు. అందుకే దాన్ని చక్రాలు నేల మీద ఉండగానే వదులు చెయ్యాలి. జాకీ మీద ఉన్న బండిని అంత బలంతో లాగితే బండి మన మీదికే వస్తుంది. నట్టు వదులవకుండా అడ్డుండే కాటర్ పిన్ తీసి, తమ్ముణ్ణి కాలి బ్రేకు మీద నిలబెట్టి, స్పానర్‌కు పొడవాటి గొట్టం తొడిగి దాని మీద నా బరువంతా వేశాను. మూడోసారికి ఠప్పుమంది. నట్టు విరిగిందనే అనుకున్నాను. వదిలింది!

ఆ తర్వాతే ముందు చక్రాలకు అటూ ఇటూ అడ్డు పెట్టి, వెనక భాగం లేపి, స్టాండ్ల మీద ఉంచాను. డ్రమ్ము మాత్రం రాదే. అరిగిన డ్రమ్ముకు లోపలి అంచున గట్టు మిగులుతుంది, షూలు దానికి తట్టుకుంటాయి. షూలకూ డ్రమ్ముకూ మధ్య ఎడం సరిచేసే అడ్జస్టర్ పళ్లు వెనక్కి తిప్పి షూలను దగ్గరికి జరిపాక రబ్బరు సుత్తి దెబ్బలకు ఊడొచ్చింది. పాత లైనర్లలో (షూల మీది రాపిడి పట్టీలలో) ఆస్బెస్టాస్ ఉండే అవకాశం ఉంది కనక మాస్కు కట్టుకుని, ధూళిని ఊదకుండా తడిగుడ్డతో తుడిచాను.

లోపల చూస్తే రెండు వైపులా రెండు వేర్వేరు కథలు. ఎడమవైపు లైనర్లు నల్లగా, జిడ్డుగా ఉన్నాయి. బ్రేక్ ఆయిలేమో అనుకున్నాను కానీ కాలి బ్రేకు తొక్కితే షూలను తోసే వీల్ సిలిండర్ పొడిగానే ఉంది. పైగా ఆ జిడ్డు చిక్కగా, గంధకం కంపు కొడుతోంది. అది గేర్ ఆయిల్, నూనెను ఆపాల్సిన యాక్సిల్ సీలు దాటి వచ్చింది. ఇక ఆ చక్రాన్ని ఎంత లాగితే మాత్రం ఏం పడుతుంది? కుడివైపు లైనర్లు బాగా అరిగినా పొడిగానే ఉన్నాయి. అక్కడ కేబుల్ కొసను షూ లివర్ నుంచి తప్పించి, తమ్ముణ్ణి హ్యాండ్‌బ్రేక్ లాగమన్నాను. కొస కాస్త కదిలింది. దించమంటే కదలనే లేదు. తొడుగులో తుప్పు పట్టి బిగుసుకుపోయింది.

సీళ్లు, షూలు, కేబుళ్లు అన్నీ జతలుగా తెప్పించాను. నూనె తాగిన లైనర్లను పెట్రోలుతో కడిగి వాడుకోవచ్చని ఒకరన్నారు. వేడెక్కితే లోపలి నూనె మళ్లీ పైకొస్తుంది, అందుకని పారేశాను. కొత్త కేబుళ్లను పాతవాటి పక్కన నేల మీద పరిచి పొడవు సరిచూసుకున్నాను.

కేబుళ్లు మార్చాలంటే లివర్ తియ్యాలి. తీసేటప్పుడు దాని కొసన ఉన్న బొత్తాం నొక్కకూడదు, నొక్కితే లోపలి పళ్ల ముక్క జారిపోతుంది. ఆ సంగతి ముందే చదివాను. అయినా నొక్కాను. అది సీటు కింద ఎక్కడో పడింది. దాన్ని వెతకడానికి పట్టిన సమయం ఇక్కడ చెప్పను.

కేబుళ్లు బండి నడుమ సొరంగంలాంటి బోలు భాగంలో ఉన్న సన్నని గొట్టాల గుండా వెళ్తాయి. పాతవి వెనక నుంచి లాగేస్తే తుప్పు పొడి రాలింది. కొత్తవాటికి గ్రీజు పూసి వెనక నుంచే తోశాను. కుడిది మధ్యలో తట్టుకుని మొరాయించింది. కొంచెం వెనక్కి లాగి, మెలితిప్పుతూ మళ్లీ తోస్తుంటే, లివర్ కన్నంలో టార్చి వేసుకుని చూస్తున్న తమ్ముడు "వచ్చింది అన్నయ్యా, వచ్చింది!" అని అరిచాడు. ఇంట్లో పెళ్లి కుదిరినంత ఆనందం.

షూలు, స్ప్రింగులు ఒక్కోవైపే విప్పి బిగించాను, రెండోవైపు చూసి గుర్తుపట్టడానికి ఉంటుందని. యాక్సిల్ నట్టు బిగించాక కాటర్ పిన్ కన్నం కలవకపోతే, వెనక్కి వదలకుండా ఇంకాస్త బిగించి తర్వాతి గాడికి తేవాలి. అలాగే చేశాను.

అప్పుడు గానీ నేను మొదట చేసిన పని వంతు రాలేదు. కేబుళ్లు వదులుగానే ఉంచి, అడ్జస్టర్లను చక్రం రాసుకునేదాకా తిప్పి, మళ్లీ స్వేచ్ఛగా తిరిగేలా మూడు నాలుగు పళ్లు వెనక్కి వదిలాను. కాలి బ్రేకు రెండుసార్లు తొక్కి మళ్లీ చూశాను. ఆ తర్వాతే లివర్ దగ్గరి నట్లు. కేబుల్ కొసన ఉన్న గాడిలో స్క్రూడ్రైవర్ పెట్టి పట్టుకుని తిప్పితే కేబుల్ మెలిపడదు. రెండో టక్కుకు రెండు చక్రాలూ సమానంగా బిగువు పట్టాలి, నాలుగో టక్కుకు చేత్తో తిప్పినా తిరగకూడదు. ఎడమది కాస్త ముందే పట్టింది. ఆ ఒక్క నట్టుతో అరగంట గడిచింది.

మళ్లీ అదే వాలు. చక్రం వెనక ఒక జానెడు ఎడంగా రాయి పెట్టి, న్యూట్రల్‌లో ఉంచి, నాలుగు టక్కులు లాగి, కాలి బ్రేకు మెల్లగా వదిలాను. బండి చిన్నగా ఊగి ఆగిపోయింది. రాయిని తాకలేదు.

కొత్త లైనర్లు డ్రమ్ముకు సర్దుకున్నాక లివర్ ఆరో టక్కు దాకా రావడం మొదలైంది. ఈసారి రబ్బరు బూటు ఎత్తలేదు. జాకీ తీసుకుని వెనక చక్రం దగ్గరికి వెళ్లాను.