మేనల్లుడికంటే చిన్నవాడైన మేనమామ

నా రాతబల్ల మీద కాగితాలు ఎగిరిపోకుండా పెట్టుకున్న నల్లని షేలు (బంకమట్టి గట్టిపడి ఏర్పడిన పొరల రాయి) పలక ఒకటి ఉంది. మంచిర్యాల దగ్గర బొగ్గుబావిలో పనిచేసిన మా నాన్న, నేను ఎనిమిదో తరగతిలో ఉన్నప్పుడు, డ్యూటీ దిగి వస్తూ టిఫిను డబ్బా సంచిలో వేసుకుని తెచ్చిన పలక అది. తిన్నగా చూస్తే ఏమీ కనిపించదు. కిటికీ వెలుతురుకు ఏటవాలుగా పట్టుకుంటే మాత్రం నాలుక ఆకారంలో ఒక ఆకు, దాని నడుమ మందపాటి ఈనె, ఆ ఈనె నుంచి అంచుల దాకా చేపల వలలా అల్లుకున్న సన్నని ఈనెలు తేటగా కనిపిస్తాయి. దాని పేరు గ్లోసోప్టెరిస్ అనీ, దాదాపు 25 కోట్ల ఏళ్ల కిందటే ఆ చెట్లు భూమి మీద లేకుండా పోయాయనీ డిగ్రీకి వచ్చాక గాని నాకు తెలియలేదు. నోవహు కాలపు జలప్రళయంలో కొట్టుకువచ్చిన ఆకు అని మా నాన్న చెప్పేవారు. నేను ఎదురు చెప్పలేదు. తెలిసిన తరవాత కూడా చెప్పబుద్ధి కాలేదు.

పోయిన నెల మా సంఘపు యువజనుల కూటంలో సృష్టి, పరిణామం అనే అంశం మీద నన్నూ, పాతికేళ్లుగా నాకు స్నేహితుడైన ఒక పాస్టరుగారినీ ఎదురెదురు కుర్చీల్లో కూర్చోబెట్టారు. నేను జూనియర్ కళాశాలలో జంతుశాస్త్రం బోధించి పదవీ విరమణ చేసినవాడిని, ఇక్కడ సంఘ పెద్దను కూడా, కాబట్టి నన్ను ఏ పక్షాన లెక్కవేయాలో పిల్లలకు తేలలేదు. వారిలో చాలామంది అప్పటికే యూట్యూబులో రెండు వైపుల ప్రసంగాలూ విని వచ్చారు.

పాస్టరు అయ్యగారు మొదటి ప్రశ్నే గట్టిగా వేశారు. “సార్, ఆదిమానవుడి పుర్రె దొరికిందని ఇంగ్లండులో నలభై ఏళ్లు చూపించి, ఆఖరుకు అది బూటకమని ఒప్పుకున్నారు. అలాంటివాళ్ల ఎముకలను నమ్మి మోషే మాటను పక్కన పెట్టమంటారా?”

అది పిల్ట్‌డౌన్ సంగతి. 1912లో ససెక్స్ ప్రాంతపు కంకర గుంటలో దొరికిందని చార్లెస్ డాసన్ అనే వకీలు చూపిన ఆ పుర్రె మనిషిదే, దవడ మాత్రం ఒరాంగుటాన్‌ది. పాతదిగా కనిపించేందుకు దవడకు రంగు పట్టించి, పళ్లను ఆకురాయితో అరగదీశారు. తొలి మనిషి తమ గడ్డ మీదే పుట్టాడని నమ్మాలన్న ఆరాటం ఆ దేశపు పండితులకు లేకపోతే మోసం అన్నాళ్లు నిలిచేది కాదని నా అనుమానం. అయ్యగారు చెప్పనిది ఒకటుంది: 1953లో ఆ ఎముకలను పరీక్షించి, పళ్ల మీది ఆకురాయి గీతలను చూసి, మోసాన్ని లోకానికి చెప్పినవారు పరిణామాన్ని అంగీకరించే శాస్త్రజ్ఞులే. దొంగను పట్టుకున్నది ఆ ఇంటివాళ్లే అయినప్పుడు ఇంటినంతటినీ దొంగల కొంప అనడం న్యాయం కాదన్నాను.

తరవాత, చేపకూ నేల మీద నడిచే జంతువుకూ మధ్య రూపం ఎక్కడుందని ఒక అబ్బాయి అడిగాడు. నాకు ఈ వాదనలో అన్నిటికంటే ఇష్టమైన చోటు ఇదే కాబట్టి కాస్త ఎక్కువసేపే చెప్పాను. నాలుగు కాళ్ల జంతువుల తొలి ఎముకలు సుమారు 36 కోట్ల 50 లక్షల ఏళ్ల నాటి రాళ్లలో కనిపిస్తున్నాయి, వాటికి దగ్గరి చేపలు 38 కోట్ల 50 లక్షల ఏళ్ల నాటి రాళ్లలో ఉన్నాయి, కనుక ఆ రెంటికీ నడుమ కాలంలో నదుల అడుగున ఏర్పడిన రాయి ఎక్కడ బయటపడి ఉందో భూగర్భ పటాల్లో వెతికి, నీల్ షూబిన్, టెడ్ డేష్లర్ తదితరులు 1999 నుంచి కెనడా ఉత్తరపు కొసలోని మంచు ప్రాంతానికి పోవడం మొదలుపెట్టారు. 2004లో ఎల్స్‌మియర్ దీవిలో ఒక రాతి గోడలోంచి ముట్టె ఒకటి బయటికి పొడుచుకుని కనిపించింది. దానికి అక్కడి ఇన్యూయిట్ పెద్దలు తమ భాషలో పెద్ద మంచినీటి చేప అనే అర్థంలో టిక్‌టాలిక్ అని పేరు పెట్టారు.

ఇంట్లో బొచ్చె చేపను కోసేటప్పుడు చూడండి, దాని తల మొప్పల వెనుక భుజపు ఎముకలకు అతుక్కుని ఉంటుంది. చేపకు మెడ లేదు, పక్కకు చూడాలంటే ఒళ్లంతా తిప్పాలి. టిక్‌టాలిక్‌కు పొలుసులూ వాజాలూ ఉన్నాయి, అయినా తల భుజం నుంచి విడిపోయి మెడ ఏర్పడింది. తల మొసలి తలలా చదునుగా ఉండి కళ్లు పైన ఉన్నాయి. వాజం లోపల మన దండచేయి, ముంజేయి ఎముకలకు సాటి వచ్చే ఎముకలూ, మణికట్టును పోలిన కీలూ ఉన్నాయి. ఏ వయసు రాతిలో ఎలాంటి జంతువు ఉండాలో ముందే అనుకుని, అక్కడికే పోయి, దాన్నే తవ్వి తీయడం గుడ్డి నమ్మకంతో అయ్యే పని కాదు.

అయ్యగారు చదివి వచ్చిన మనిషి. పోలండులో అంతకంటే పాతవైన అడుగుజాడలు దొరికాయి కదా అన్నారు. నిజమే. జకెల్మియె అనే చోట దాదాపు 39 కోట్ల ఏళ్ల నాటి రాతి మీద నాలుగు కాళ్ల జంతువు నడిచిన జాడలున్నాయని 2010లో ప్రకటించారు. అంటే టిక్‌టాలిక్ బతికిన నాటికే నడిచే జంతువులు ఉన్నాయన్నమాట. దీంతో పరిణామం కూలిపోయిందని కొందరు ప్రసంగీకులు చెబుతున్నారు. మన ఇళ్లలో మేనల్లుడికంటే వయసులో చిన్నవాడైన మేనమామ ఉండడం కొత్త కాదు. అంతమాత్రాన అతను మేనమామ కాకుండా పోడు. టిక్‌టాలిక్ మనకు తాత అని ఎవరూ అనకూడదు, తాతల తరం పోలికలు మిగుల్చుకుని కొంత ఆలస్యంగా బతికిన బంధువు అనాలి. పిల్లలు నవ్వారు, అయ్యగారు కూడా నవ్వారు, ఆయనకు అలాంటి మేనమామ ఒకరున్నారు.

మా ప్రాంతపు క్రైస్తవులు తెలుసుకోవలసిన మనిషి ఒకరున్నారని అప్పుడు స్టీఫెన్ హిస్లాప్ సంగతి ఎత్తాను. స్కాట్లాండు నుంచి నాగపూరు వచ్చిన ఈ మిషనరీ, బడి పెట్టి, సువార్త చెబుతూ, తీరిక దొరికినప్పుడల్లా సుత్తి పట్టుకుని రాళ్లు కొట్టేవాడు. పాత ఆదిలాబాదు జిల్లాలోని మాలేరి ఎర్రమట్టిలో దొరికిన చేప పళ్లలో ఒక రకానికి 1859లో, అంటే డార్విన్ గ్రంథం వెలువడిన ఏడాదే, ఆయన పేరు మీదే సెరటోడస్ హిస్లాపియానస్ అని పేరు పెట్టారు. గాలి పీల్చగల ఊపిరితిత్తుల చేప పళ్లవి. ఆ కుటుంబపు చేపలు ఎన్నడో అంతరించాయనుకుంటుండగా 1870లో ఆస్ట్రేలియాలో బతికి ఉన్న బంధువు బయటపడింది, కాని దాన్ని చూసే భాగ్యం హిస్లాప్‌కు లేదు, 1863లోనే నాగపూరు దగ్గర వాగు దాటుతూ మునిగి చనిపోయాడు. రాయి పగలగొట్టిన చేత్తోనే బైబిలు పట్టుకోవడం ఆ తరంలో వింత కాదు. బైబిలులోని వంశావళులు కూడి లోకం క్రీస్తుపూర్వం 4004లో పుట్టిందని లెక్కకట్టినది ఆర్చిబిషప్ అషర్, మోషే కాదు. పోపు రెండవ జాన్ పాల్ 1996లో పరిణామాన్ని కేవలం ఒక ఊహగా చూడలేమని చెప్పారు. మా సంఘానికి పోపుగారి మాట చెల్లదు కాబట్టి అక్కడ ఎక్కువసేపు నిలబడలేదు.

అయ్యగారి అసలు బలం ఎముకల్లో లేదు, బైబిలులో అపొస్తలుడైన పౌలు రాసిన ఉత్తరం రోమా పత్రిక అయిదో అధ్యాయంలో ఉంది. ఒక మనిషి (ఆదాము) ద్వారా పాపం, పాపం ద్వారా మరణం లోకంలోకి వచ్చాయని పౌలు రాశాడు. మనిషి పుట్టకముందే కోట్ల ఏళ్లుగా చావు ఉంటే ఆ మాటకు అర్థమేమిటని ఆయన అడిగారు, గొంతు తగ్గించి అడిగారు. ఆ ప్రశ్నను నేను తేలిగ్గా తీసుకోలేను. గుజరాత్‌లోని ధోలీ డుంగ్రీ దగ్గర 1980లలో భూగర్భ శాస్త్రవేత్త ధనంజయ్ మొహబే తవ్వి తీసిన ఒక రాతిలో డైనోసారు గూడు ఉంది; పగిలిన గుడ్డు చుట్టూ మూడున్నర మీటర్ల పాము చుట్ట చుట్టుకుని ఉంది, పక్కనే అప్పుడే పుట్టిన పిల్ల. వేట మధ్యలోనే బురదో ఇసుకో వచ్చి అన్నిటినీ కప్పేసింది. సుమారు 6 కోట్ల 70 లక్షల ఏళ్ల కిందటి సంగతి. ఏదెను తోటలోని సర్పానికి శాపం తగలడానికి ఎంతో ముందే ఒక పాము పిల్లను తినబోయింది.

పౌలు మరణం మనుష్యులందరికీ వచ్చిందన్నాడు గాని జంతువుల ఊసెత్తలేదని నేను చెప్పాను. 104వ కీర్తనలో సింహపు పిల్లలు వేట కోసం గర్జిస్తూ తమ ఆహారాన్ని దేవుడి చేతి నుంచే అడుగుతున్నాయని ఉంది, అంటే కీర్తనకారుడికి వేట శాపంగా కనిపించలేదని కూడా చెప్పాను. అయ్యగారు వెంటనే, “ఆ కీర్తన ఆదాము పతనం తరవాతి లోకంలో రాసినది కదా సార్, ఆ సింహాలూ పడిపోయిన లోకపు సింహాలే” అన్నారు. దానికి సరైన జవాబు ఆ పూట నా దగ్గర లేదు, ఇప్పుడూ సగమే ఉంది. వచ్చే నెల కూటంలో ఆ ఒక్క అధ్యాయం మీదే మాట్లాడుకుందామని నిర్ణయించారు, నాన్న తెచ్చిన పలకను కూడా పట్టుకురమ్మన్నారు.

కూటం ముగిశాక అయ్యగారిని ఇంటి దగ్గర దింపుతానని నా స్కూటరు వెనుక ఎక్కించుకున్నాను. వంతెన దాటేదాకా ఆయన ఏమీ మాట్లాడలేదు. తరవాత నా భుజం మీద తట్టి, ఆ పాము సంగతి మళ్లీ మొదటినుంచి చెప్పమన్నారు.