సెర్రా గావూషా కొండల్లో తాలియాన్

పోర్తో అలెగ్రె నుంచి బస్సు ఉత్తరానికి సాగి కొండలెక్కిన కొంతసేపటికి ద్రాక్షతోటలు కనిపించాయి. దక్షిణ బ్రెజిల్‌లోని ఈ ఎగువసీమకు 1875 నుంచి నేటి ఉత్తర ఇటలీలోని వెనెతో, లొంబార్దీ, త్రెంతో ప్రాంతాల రైతు కుటుంబాలు వలస వచ్చి, అడవి కొట్టి సేద్యానికి దిగాయి. ఇటలీ ఒకే దేశంగా ఏర్పడి అప్పటికి ఎంతో కాలం కాలేదు కనుక వారిలో చాలామందికి ప్రామాణిక ఇటాలియన్ రాదు. ఎవరి మాండలికం వారిదే. వెనెతో వారి పలుకు ప్రధానంగా, తక్కిన మాండలికాలూ పోర్చుగీసు మాటలూ కలిసి ఇక్కడే రూపుదిద్దుకున్న భాష తాలియాన్.

కషియాస్ దో సుల్‌లోని వలసదారుల స్మారకాన్ని చూసి బెంతో గొన్సాల్వెస్ చేరాను. అక్కడి పాత రాతి ఇళ్ల దారిలో ఒక వంటింట్లో, ఎనభై దాటిన పెద్దావిడ మొక్కజొన్న పిండితో చేసే సంకటి లాంటి పొలెంతా కలుపుతూ తాలియాన్‌లో మాట్లాడుతుంటే మనవరాలు పోర్చుగీసులో బదులిస్తోంది. అప్పటి బ్రెజిల్ అధ్యక్షుడు జెతూలియో వర్గాస్ పాలనలో విదేశీ భాషల బడులు మూతపడ్డాయని, 1942లో బ్రెజిల్ ఇటలీపై యుద్ధానికి దిగాక వీధిలో తమ భాష మాట్లాడటానికే జనం భయపడ్డారని నేను చదివి ఉన్నాను. ఆ భయం తగ్గిన తర్వాత కూడా బడిలో తోటిపిల్లలు తన యాసను ఎగతాళి చేసేవారని, అందుకే తన పిల్లలకు పోర్చుగీసే నేర్పానని ఆవిడ చెప్పినప్పుడు, నిషేధం కన్నా ఆ సిగ్గే ఎక్కువ నష్టం చేసిందని నాకు అనిపించింది.

మనవరాలు పట్నంలో డబ్బు కట్టి ప్రామాణిక ఇటాలియన్ నేర్చుకుంది. ఉద్యోగానికి, ఇటలీలో పై చదువులకు అది పనికొస్తుంది. నాయనమ్మ మాటలు మాత్రం సగమే అందుతున్నాయట. ఇటాలియన్ చదువును నేను తక్కువ చేయను గానీ, పెద్దల భాష నేర్చుకోవాలనుకునే వారికి ముందుగా అందవలసింది తాలియానే.

ప్రభుత్వ గుర్తింపుకు కొదవ లేదు: సెరఫీనా కొర్రేయా పట్టణం 2009లో పోర్చుగీసుతో పాటు తాలియాన్‌కూ అధికార హోదా ఇచ్చింది, 2014లో జాతీయ వారసత్వ సంస్థ దానిని బ్రెజిల్ సాంస్కృతిక సంపదగా నమోదు చేసింది. కానీ నేను కూర్చున్న తాలియాన్ సాయంత్రపు తరగతిలో ఎక్కువమంది నడివయసు దాటినవారే. చిన్నపిల్లల తల్లిదండ్రులను ఎలా రప్పించాలన్నదే ఆ రాత్రి చర్చంతా. పూర్వం ఇరుగుపొరుగు రాత్రిపూట ఒకచోట చేరి, పనులు చేసుకుంటూ కబుర్లు చెప్పుకునే ‘ఫిలో’ పద్ధతిలో, వచ్చే నెల నుంచి తరగతిని వంతులవారీగా పెద్దవారి ఇళ్లలోనే, పిల్లలను వెంటబెట్టుకొని జరపాలని వారు నిర్ణయించుకున్నారు.