ధర్మవరం పట్టు సొసైటీ: తూకం లెక్క, వడ్డీ లెక్క

చేనేత సొసైటీ ఎందుకు మూతపడిందంటే పవర్‌లూమ్ అంటారు, లేదా ప్రభుత్వ బకాయిలంటారు. రెండూ నిజమే. అయితే నూలు తూకం పుస్తకం, అమ్ముడుపోని సరుకు పుస్తకం సరిగ్గా లేని సొసైటీ ఆ రెండూ లేకపోయినా నిలబడదు. 1938లో మాచాని సోమప్ప ఎమ్మిగనూరులో మొదలుపెట్టిన నేత సంఘం గురించి గొప్పగా చెప్పుకుంటాం. ఆయనకు 1954లో పద్మశ్రీ వచ్చిన సంగతీ గుర్తుచేసుకుంటాం. లెక్కల పుస్తకాల సంగతి మాత్రం ఎవరూ ఎత్తరు.

ముందు తూకం. ముడి పట్టు పోగు చుట్టూ సెరిసిన్ అనే జిగురు ఉంటుంది. సబ్బు, సోడా కలిపిన వేడినీళ్లలో ఉడికించి ఆ జిగురు తీస్తేనే మెరుపు తేలేది, రంగు సమంగా పట్టేది. ఆ ఉడుకులో బరువు 20 నుంచి 25 శాతం పోతుంది. కిలో ముడి పట్టు పంపిస్తే చేతికి తిరిగొచ్చేది 750 నుంచి 800 గ్రాములు. ఈ తరుగు లాటును బట్టి మారుతుంది కాబట్టి, ప్రతి లాటు నుంచి 100 గ్రాముల చిలప (నూలు చుట్ట) ఒకటి తీసి, విడిగా ఉడికించి, ఆరబెట్టి, తూచి, ఆ శాతాన్ని పుస్తకంలో రాసుకోవాలి. ఈ ఒక్క పని చేస్తే అద్దకం దగ్గర జరిగే వాదనలు సగం తగ్గుతాయి.

మన దగ్గర నీళ్లతో ఇంకో చిక్కుంది. అనంతపురం వైపు బోరునీళ్లలో ఉప్పులెక్కువ. వాటిలో సబ్బు నురగ రాకుండా తెట్టు కడుతుంది, ఆ తెట్టు పట్టు మీద పేరుకుంటుంది. రంగు మొద్దుగా కనిపిస్తుంది, గీతలు గీతలుగా పడుతుంది. నీళ్లు సరిచేయడం మానేసి సోడా పెంచితే పట్టు పోగే బలహీనపడుతుంది. అద్దకంలో ఏమీ కనిపించదు. మగ్గమెక్కాక వార్పు (నిలువు) పోగులు తెగుతుంటే మాట నేసేవాళ్ల మీద పడుతుంది. అందుకే ఉడుకుకు వాననీళ్లో, గట్టిదనం తీసిన నీళ్లో వాడటం ఖర్చు కాదంటాను నేను.

తేమ లెక్క కూడా చూడాలి. పట్టు గాలిలోని తేమను పీల్చుకుంటుంది. వ్యాపారంలో ఒప్పుకున్న కొలత 11 శాతం, అంటే పూర్తిగా ఎండిన కిలో పట్టును 1,110 గ్రాములుగా లెక్కగడతారు. వానల్లో కర్ణాటకలోని రామనగరలో కొన్న నూలును ఏప్రిల్‌లో ధర్మవరంలో తూస్తే ఎవరూ తీయకుండానే తగ్గుతుంది. కొందరు అమ్మేవాళ్లు కావాలనే తడి పట్టించి అంటగడతారు, అది వేరే సంగతి. వచ్చిన చిలపలను ఒక రాత్రి గోదాములో విప్పి ఉంచి, పొద్దున్నే అదే తక్కెడ మీద తూచాలి.

పుస్తకంలో ఐదు తూకాలుండాలి: ముడి పట్టు వచ్చినప్పుడు, అద్దకం నుంచి తిరిగొచ్చినప్పుడు, వార్పూ రేషమూ (అడ్డపోగు పట్టు) మగ్గానికి ఇచ్చినప్పుడు, చీర వచ్చినప్పుడు, మిగిలిన కండెలూ (నూలు చుట్టిన పుల్లలు) తుక్కూ తిరిగిచ్చినప్పుడు. జరీ విడిగా. మొదటిదీ నాలుగోదీ మాత్రమే రాసి, తేడా కూలిలో కోసే సొసైటీలో మంచి నేతగాళ్లు నిలవరు. కొత్త వార్పును పాతదానికి అతికేటప్పుడు పోయే కొసలకూ ఒప్పుకున్న తుక్కు కొలత ముందే రాసి గోడకు అంటించాలి.

ఇక వడ్డీ. ఒక చీరకు సరుకు రూ.5,000, కూలి రూ.3,500 అనుకుందాం. మగ్గం నెలకు నాలుగు చీరలు నేస్తే రూ.34,000. నూలు కొన్న రోజు నుంచి చీర డబ్బు చేతికి వచ్చేదాకా 100 రోజులు పడితే, ఒక్క మగ్గం మీదే లక్షా పదివేలు దాటి ఇరుక్కుపోతుంది. 50 మగ్గాలకు అది 56 లక్షలు. బ్యాంకు నుంచి క్యాష్ క్రెడిట్ అప్పు ఏడాదికి 10 శాతానికి తీసుకుంటే చీరకు రూ.230 పైన వడ్డీ పడుతుంది. ధర కట్టేటప్పుడు చాలామంది మరిచిపోయే ఖర్చు ఇదే. ఏడాది బీరువాలో ఉన్న చీర మీద వడ్డీ రూ.850, ఆ తర్వాత కొనేవాళ్లకు రిబేటు (తగ్గింపు) 20 శాతం ఇస్తే ఎవరి జేబులోంచి పోతుందో చూసుకోండి. ఆర్నెల్లు దాటిన చీరల జాబితా నెలనెలా పాలకవర్గం ముందుకు రావాలి. అమ్మకం లేని డిజైన్ల కార్డులను (మగ్గానికి డిజైన్ చెప్పే చిల్లుల అట్టలను) మగ్గం మీద నుంచి దించే అధికారమూ ఆ జాబితాకే ఉండాలి.

నేతగాడు షావుకారును వదిలి సొసైటీకి ఎందుకు రాడంటే, తీసుకున్న అడ్వాన్సు తీరలేదు కాబట్టి. పైగా బిడ్డకు జ్వరమొస్తే షావుకారు ఆ సాయంత్రమే రెండు వేలు చేతిలో పెడతాడు. సొసైటీలో తీర్మానం కావాలి, సంతకాలు కావాలి. కూలిలో కొంత పొదుపుగా పట్టి, ఆ నిధి నుంచి అదే రోజు చేబదులిచ్చే అధికారం కార్యదర్శికి ఉండాలి. పరిమితి రాసిపెట్టి, ఎవరికెంత ఇచ్చారో బోర్డు మీద పెడితే సరి. ప్రభుత్వ వాటా మూలధనం వద్దనుకునేవాళ్లు 1995 నాటి పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం కింద నమోదైతే ఇలాంటి నియమాలు తామే రాసుకోవచ్చు. 1964 చట్టం కింద అధికారుల జోక్యం ఎక్కువ.

నిల్వలో జరీ చీరను ప్లాస్టిక్ కవర్లో పెట్టకూడదు, ఉతికిన నూలు గుడ్డలో చుట్టాలి. నాఫ్తలీన్ ఉండలు జరీకి తగలనీయకూడదు. మూడు నెలలకోసారి మడత మార్చాలి, లేదంటే మడత గీత దగ్గరే పట్టు విరుగుతుంది.

ధర్మవరం పట్టుకు జీఐ (భౌగోళిక గుర్తింపు) ఉంది కదా అని ఊరుకుంటే చాలదు. ఆ గుర్తును చీర మీద చట్టప్రకారం వాడాలంటే సొసైటీ అధీకృత వినియోగదారుగా నమోదు కావాలి. ఆ దరఖాస్తులో తాము ఏం నేస్తారో, ఎలా నేస్తారో చూపాల్సి వస్తుంది. అక్కడ తూకం పుస్తకం, మగ్గాల జాబితా నేరుగా పనికొస్తాయి.