తెలుగంటే కోపం

మొన్న రాత్రి అన్నం తింటూ మా వాడు, "అమ్మా, నాతో తెలుగులో మాట్లాడకు. తెలుగులో మాట్లాడావంటే నీకు కోపం వచ్చినట్టే" అన్నాడు. అన్నది ఇంగ్లిష్‌లో. నాకప్పుడు కోపమేమీ లేదు. పెరుగు వేయనా అని అడిగానంతే.

వాడికి తొమ్మిదేళ్లు. పుట్టి పెరిగింది డల్లాస్ పక్కన. పది నెలలుగా నేనూ, వాడూ, వాడి అక్కా హైదరాబాద్ నిజాంపేటలో మా అమ్మావాళ్ల ఫ్లాట్‌లో ఉంటున్నాం. మా ఆయన ఉద్యోగం అక్కడే. ఎందుకొచ్చారని అడిగిన వాళ్లందరికీ "పిల్లలకు తెలుగు రావాలి, మన పద్ధతులు తెలియాలి" అని చెప్పాను. అందులో నిజం సగమే.

అక్కడ రెండో క్లాసులో ఉండగా వాడు కుర్చీ ఎత్తి విసిరాడు. టీచర్ మిగతా పిల్లలందరినీ గది బయటికి తీసుకుపోవాల్సి వచ్చింది. ఇంట్లో అప్పటికే తలుపులు తన్నడం, అక్కను కొరకడం మొదలై చాలా రోజులైంది. స్కూలువాళ్లు మర్యాదగానే పిలిచి, పరీక్షలు చేయిస్తాం, పైసా ఖర్చుండదు, మీ సంతకం కావాలి అన్నారు. అక్కడి చట్టం ప్రకారం తొలిసారి అలాంటి పరీక్ష చేయాలంటే తల్లిదండ్రులు రాతపూర్వకంగా ఒప్పుకోవాలి. ఆ కాగితం ఏడాది పాటు మా వంటింటి సొరుగులో ఉండిపోయింది. సంతకం పెడితే పిల్లవాడి మీద ముద్ర పడుతుందనుకున్నాను. ఇదంతా ఆ దేశం గాలి, అమ్మమ్మ దగ్గర నలుగురి మధ్య పెరిగితే దారిలో పడతాడు అనుకున్నాను. మా ఆయన రెండు సార్లు అడిగారు. రెండు సార్లూ నేనే వద్దన్నాను.

ఇక్కడికొచ్చాక మొదటి నెల నేననుకున్నట్టే గడిచింది. అమ్మమ్మ ముద్దలు, తాతయ్యతో సాయంత్రం పార్కు, మా అక్క పిల్లలతో క్రికెట్. "చూశారా" అని మా ఆయనకు ఫోన్ చేసి చెప్పాను. రెండో నెలలో ఒకరోజు ట్యాబ్ ఆపమన్నందుకు స్టీలు గ్లాసు విసిరాడు. అది మా అమ్మ కనుబొమ్మ మీద తగిలింది. మూడు కుట్లు పడ్డాయి. అమ్మ ఆ రక్తం తుడుచుకుంటూనే "వాణ్ణి ఏమీ అనకు" అంది.

చూడ్డానికి వచ్చిన బాబాయి, "రెండు తగిలిస్తే అదే దారికొస్తాడు, ఇక్కడ పోలీసులెవరూ రారు" అన్నాడు. ఇంకొకరు "ఇప్పుడే చూసుకోకపోతే రేపు ఎర్రగడ్డే" అన్నారు. హైదరాబాద్‌లో పెరిగిన వాళ్లకు ఆ మాట ఎంత పదునో తెలుసు. ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉన్న పాపానికి ఒక పేట పేరే తిట్టయిపోయింది. కాలేజీ రోజుల్లో నేనూ స్నేహితుల్ని ఆ మాట అన్నదాన్నే. అందుకే పిల్లల డాక్టరుగారు చీటీ మీద చైల్డ్ సైకియాట్రిస్ట్ అని రాసిస్తే, ఇంట్లో కళ్ల డాక్టరు దగ్గరికని చెప్పి తీసుకెళ్లాను. ఆ అబద్ధానికి ఇప్పటికీ సిగ్గుపడతాను.

పరీక్షలన్నీ అయ్యాక ఏడీహెచ్‌డీ, అంటే శ్రద్ధ నిలవకపోవడం, కుదురు లేకపోవడం, దానితో పాటు ఎదురుతిరిగే సమస్య కూడా ఉందన్నారు. క్లినికల్ సైకాలజిస్ట్ మొదటి మూడు వారాలు పిల్లవాడి కంటే నాతోనే ఎక్కువ మాట్లాడారు. ఒక నోటుబుక్కులో మూడు గళ్లు గీయించారు. గొడవకు ముందు ఏం జరిగింది, వాడేం చేశాడు, తర్వాత మేమేం చేశాం. వారం రాసేసరికి మూడో గడి చదవలేకపోయాను. "ట్యాబ్ ఇచ్చేశాను", "అమ్మమ్మ చాక్లెట్ ఇచ్చింది", "అరిచి అరిచి వదిలేశాను". వాడు అరిస్తే మేము తగ్గుతాం, మేము తగ్గగానే ఇల్లు ప్రశాంతం. ఈసారి ఇంకాస్త గట్టిగా అరవాలని వాడు నేర్చుకుంటున్నాడు, తొందరగా ఇచ్చేయాలని మేము నేర్చుకుంటున్నాం.

ఇవ్వడం మానేస్తే మొదట్లో గొడవ ఇంకా పెరుగుతుంది, భయపడి మధ్యలో ఆపకండి అని ముందే హెచ్చరించారు. నిజంగానే పెరిగింది. పదకొండో రోజు అమ్మ ఏడుస్తుంటే చూడలేక ట్యాబ్ ఇచ్చేశాను. మళ్లీ మొదటికొచ్చింది.

అన్నిటికంటే కష్టమైంది మెచ్చుకోవడం. చేసిన మంచి పని ఏమిటో పేరు పెట్టి, అప్పటికప్పుడు, రోజుకు చాలాసార్లు చెప్పాలన్నారు. ఏ భాషలో చెబుతారు అని అడిగారు. అప్పుడు తెలిసింది, నాకు తెలుగులో ఆ మాటలే రావడం లేదని. గుడ్ జాబ్ అని ఇంగ్లిష్‌లో వస్తుంది. తెలుగులో వచ్చేవన్నీ "ఎన్నిసార్లు చెప్పాలి", "చెవుడా", "వీపు చిట్లుతుంది". పిల్లల్ని మొహం మీద పొగిడితే ఆయుక్షీణం అని విని పెరిగాను. మా నాన్న నన్ను నా ముందు ఒక్కసారీ మెచ్చుకోలేదు, పక్కింటివాళ్లకు చెబుతుంటే గోడ చాటు నుంచి విన్నాను. ఆ ప్రేమ నిజమైనదే, నాకు అర్థమైంది. మా వాడికి ఆ గోడ చాటు లేదు కదా. తొమ్మిదేళ్లుగా వాడు విన్న తెలుగంతా నా కోపమే. అలాంటి తెలుగు నేర్పడానికి ఇంత దూరం తీసుకొచ్చాను.

మందుకు నేను నాలుగు నెలలు ఒప్పుకోలేదు. ఆరేళ్లు దాటిన ఏడీహెచ్‌డీ పిల్లలకు మందు, ప్రవర్తన శిక్షణ రెండూ కలిపి ఇవ్వాలని అమెరికా పిల్లల డాక్టర్ల సంఘం 2019లో చెప్పిన మాట డాక్టరుగారు చూపించారు. చివరికి మొదలుపెట్టాం. ఆకలి తగ్గింది, పొద్దున టిఫిన్ తిన్నాకే ఇస్తున్నాం. హోమ్‌వర్క్ దగ్గర కూర్చోగలుగుతున్నాడు. కోపం ఇంకా ఉంది.

నాలాంటి తల్లులు అడిగితే కొన్ని మాత్రం గట్టిగా చెబుతాను. స్కూలు ఇచ్చిన కాగితం సొరుగులో పెట్టకండి. ఇక్కడ థెరపీ సెంటర్ బోర్డులు చాలా కనిపిస్తాయి, చూసే క్లినికల్ సైకాలజిస్ట్‌కు రీహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రిజిస్ట్రేషన్ ఉందో లేదో అడగండి, అడిగితే తప్పేమీ లేదు. రాత్రిపూట ఎవరితో చెప్పుకోవాలో తెలియకపోతే 14416కి ఫోన్ చేయండి. అది మానసిక ఆరోగ్యం కోసం ప్రభుత్వం నడిపే ఫోన్ సేవ టెలీ మానస్, ఉచితం, తెలుగులోనే మాట్లాడతారు. నేను ఒక రాత్రి బాల్కనీలో నిలబడి చేశాను.

అంతకు మించి చెప్పడానికి నాకు ధైర్యం చాలదు. ఇక్కడి స్కూలు, క్లాసులో వాడి పక్కనే ఉండి చూసుకునే షాడో టీచర్‌ను మీ ఖర్చుతో పెట్టుకోండి, లేదంటే టీసీ తీసుకోండి అంది. అక్కడి స్కూలు మళ్లీ అదే ఫారం మెయిల్‌లో పంపింది. అక్కడ సాయం ఉంది, అమ్మ లేదు. ఇక్కడ అమ్మ ఉంది, ఆవిడకు డెబ్బై ఒకటి, నుదుటి మీద మచ్చ. ఏది వాడి కోసం ఆలోచిస్తున్నానో, ఏది నా కోసమో విడదీసుకోలేకపోతున్నాను.

నిన్న నేను చెప్పకముందే వాడు చెప్పులు స్టాండులో పెట్టాడు. "చెప్పకుండానే సర్దావు నాన్నా, భలే పని చేశావు" అన్నాను, తెలుగులోనే. వాడు భుజాలు దగ్గరికి ముడుచుకుని, "నేనేం చేశాను?" అన్నాడు. మళ్లీ చెప్పాను. కాసేపు నా మొహం చూసి లోపలికి వెళ్లిపోయాడు.

అక్కడి స్కూలు పంపిన ఆ ఫారాన్ని మా ఫ్లాట్ కిందున్న జిరాక్స్ షాపులో ప్రింట్ తీయించి సంతకం పెట్టాను. మా ఆయనకు స్కాన్ చేసి పంపాను. ఇంకొక సంగతి మిగిలింది. వాడి అక్క ఇప్పటికీ లోపలి నుంచి గొళ్లెం వేసుకునే పడుకుంటోంది. ఈ పది నెలల్లో దాన్ని ఎవరూ ఏమీ అడగలేదు, నేనూ అడగలేదు. బుధవారం అపాయింట్‌మెంట్‌కు దాన్ని కూడా తీసుకెళ్తున్నాను.