ఖాళీ స్టేడియమే పెట్టుబడి: అలబామాలో కాలేజీ బేస్‌బాల్ వారం

మే చివరి వారంలో అలబామా రాష్ట్రంలో రెండు కాలేజీ బేస్‌బాల్ టోర్నమెంట్లు ఒకేసారి నడుస్తాయి. ఒకటి మాంట్‌గమరీలో జరిగే సన్‌బెల్ట్ కాన్ఫరెన్స్‌ది. రెండోది బర్మింగ్‌హామ్‌ను ఆనుకుని ఉన్న హూవర్‌లో జరిగే ఎస్‌ఈసీ (సౌత్‌ఈస్టర్న్ కాన్ఫరెన్స్)ది. అట్లాంటా నుంచి ఐ-85 మీద మాంట్‌గమరీ చేరి, ఐ-65 పట్టుకుని ఉత్తరానికి హూవర్ వెళ్లి, ఐ-20 మీద వెనక్కి వస్తే రెండూ చుట్టేసినట్టే. మేం ఆ దారే పట్టాం. ఆట మీద సరదా ఎలాగూ ఉంది. దానికి తోడు, ఈ టోర్నమెంట్ మాకంటే మాకని ఊళ్లు ఎందుకు పోటీ పడతాయో, ఆ పోటీలో నెగ్గేవాళ్ల దగ్గర ఏముంటుందో దగ్గరగా చూడాలనిపించింది.

కొత్తవాళ్ల కోసం ఒక మాట. కాన్ఫరెన్స్ అంటే కొన్ని యూనివర్సిటీల కూటమి. సీజనంతా ఒకరి క్యాంపస్‌కి ఒకరు వెళ్లి ఆడతారు. చివర్లో అందరూ ఒకచోట చేరి టోర్నమెంట్ ఆడతారు. అందులో గెలిచిన జట్టుకి 64 జట్ల జాతీయ పోటీలో నేరుగా చోటు దొరుకుతుంది. ఆ ‘ఒకచోటు’ ఏ ఊరన్నదే ఇక్కడి కథంతా.

అట్లాంటా నుంచి మాంట్‌గమరీ 160 మైళ్లు. జార్జియా సరిహద్దు దాటగానే గడియారం గంట వెనక్కి వెళ్తుంది. టికెట్ మీదుండేది సెంట్రల్ టైమ్ కాబట్టి బయల్దేరేటప్పుడే లెక్క చూసుకోండి. అక్కడి రివర్‌వాక్ స్టేడియం 2004లో మొదలైంది. పాత రైల్వే సరుకుల షెడ్డును కూలగొట్టకుండా దాన్నే స్టేడియంలో కలిపేసుకున్నారు. గేటు దాటితే ముందు కనిపించేది ఆనాటి ఇటుక గోడలే. సీట్లు ఏడు వేలు. అవుట్‌ఫీల్డ్ (మైదానం దూరపు భాగం) గోడ వెనకే పట్టాలు. పిచర్ (బంతి విసిరేవాడు) బంతి పట్టుకుని క్యాచర్ (బ్యాటర్ వెనక బంతి అందుకునేవాడు) సైగ కోసం చూస్తున్నప్పుడు గూడ్సు బండి కూత వేసుకుంటూ పోతుంది, జనం దానికీ చప్పట్లు కొడతారు.

ఈ స్టేడియం మాంట్‌గమరీ బిస్కట్స్ అనే మైనర్ లీగ్ (మేజర్ లీగ్‌కి దిగువ అంచె) జట్టుది. కాలేజీ వారంలో వాళ్లు ఊళ్లో ఉండరు. ఉంటే టోర్నమెంటే లేదు. అసలు చిక్కంతా ఇక్కడే ఉంది. 2021 నుంచి మైనర్ లీగ్ షెడ్యూల్ వారానికో ఊరు చొప్పున నడుస్తోంది: మంగళవారం నుంచి ఆదివారం దాకా ఒకే జట్టుతో ఆరు మ్యాచ్‌లు, సోమవారం సెలవు. కాన్ఫరెన్స్ టోర్నమెంట్‌కి కావలసిందీ దాదాపు అదే వారం. కాబట్టి సొంత జట్టును ఆ వారం కచ్చితంగా బయటి ఊరికి పంపేలా ముందే మాట తీసుకోవాలి. బిస్కట్స్ లాంటి డబుల్-ఎ స్థాయి జట్టుకి ఏడాదిలో సొంత ఊళ్లో దక్కేవి 69 మ్యాచ్‌లు. మొత్తం తగ్గదు, నిజమే. కానీ బడులకి సెలవులిచ్చే రోజుల్లో మెమోరియల్ డే (మే ఆఖరి సోమవారపు సెలవు) వారాంతాన్ని వదులుకుని, బదులుగా ఏప్రిల్ చలిలో ఒక వారం తీసుకోమంటే ఏ జట్టు యజమాని అయినా ముఖం చిట్లిస్తాడు. అద్దె, తినుబండారాల అమ్మకంలో వాటా, గోడల మీది ప్రకటనలు కప్పాలా ఉంచాలా అన్న బేరాలన్నీ అక్కణ్నుంచే మొదలవుతాయి.

ఇదంతా చూసి హూవర్ వెళ్తే, ఆ ఊరు ఎందుకు గెలుస్తూ వస్తోందో సగం అర్థమైపోతుంది.

హూవర్ మెట్రోపాలిటన్ స్టేడియాన్ని అందరూ ‘మెట్’ అనే పిలుస్తారు. 1988లో తెరిచారు, 10,800 సీట్లు. బర్మింగ్‌హామ్ బేరన్స్ అనే మైనర్ లీగ్ జట్టు అక్కడే ఆడేది. 1994లో మైకేల్ జోర్డాన్ బాస్కెట్‌బాల్ పక్కన పెట్టి బేస్‌బాల్ బ్యాటు పట్టింది ఈ మైదానంలోనే.  తర్వాత బర్మింగ్‌హామ్ నడిబొడ్డున రీజియన్స్ ఫీల్డ్ కట్టారు. 2013 నుంచి బేరన్స్ అక్కడికి వెళ్లిపోయారు. మామూలుగా అయితే జట్టు వెళ్లిపోయిన స్టేడియం తెల్ల ఏనుగే. హూవర్‌కి అదే కలిసొచ్చింది. మే నెలలో ఎవర్నీ బతిమాలే పని లేకుండా ఖాళీగా దొరికే పది వేల సీట్లు చుట్టుపక్కల రాష్ట్రాల్లో ఎన్నున్నాయి? ఎస్‌ఈసీ టోర్నమెంట్ అక్కడ మొదట 1990లో, మళ్లీ 1996లో జరిగింది. 1998 నుంచి ఏటా అక్కడే. కోవిడ్ వల్ల 2020లో ఒక్కసారి ఆగింది. పైగా ఎస్‌ఈసీ ప్రధాన కార్యాలయం పక్కనే బర్మింగ్‌హామ్‌లో ఉంది. సిబ్బందికి, సామగ్రికి వేరే రాష్ట్రం దాకా వెళ్లే ఖర్చు లేదు. కాగితం మీద ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది, కానీ చిన్నది కాదు.

అలాగని ధీమాగా కూర్చునే వీలూ లేదు. 2016లో ఒప్పందం గడువు దగ్గర పడ్డప్పుడు మెంఫిస్, జాక్సన్‌విల్ లాంటి ఊళ్లు రంగంలోకి దిగాయి. మెంఫిస్ స్టేడియం ఊరి నడుమ ఉంటుంది, హోటల్ నుంచి నడిచిపోవచ్చు. హూవర్‌లో ఆ సుఖం లేదు, కారు లేకుండా అడుగు పడదు. అందుకని హూవర్ తనకున్న దాని మీదే డబ్బు పెట్టింది, అంటే ఖాళీ స్థలం మీద. మెట్ చుట్టూ పిల్లల బేస్‌బాల్ మైదానాలు, సాకర్ మైదానాలు, టెన్నిస్ కోర్టులు, ఫుట్‌బాల్ మైదానం పట్టేంత పెద్ద ఇండోర్ హాలు ఫిన్లీ సెంటర్, అన్నీ కలిపి దాదాపు 8 కోట్ల డాలర్లతో కట్టించింది. ఫిన్లీ సెంటర్ 2017లో తెరుచుకుంది. టోర్నమెంట్ వారంలో పిల్లల ఆటలు, అభిమానుల సందడి ఆ ఏసీ హాల్లోనే. మే ఎండలో బయట గుడారాలు వేసిన ఊరికీ, చల్లని హాలు చూపించిన ఊరికీ బేరంలో తేడా ఉంటుంది కదా. మా లెక్కలో ఈ ఖర్చు ఆ ఒక్క వారం కోసం చేసింది కాదు. మిగతా వారాల్లో పిల్లల టోర్నమెంట్లతో హోటళ్లు నింపడానికి చేసింది. ఎస్‌ఈసీ ముద్ర ఆ అమ్మకానికి పనికొస్తుంది.

ఆతిథ్యమిచ్చే ఊరి పని ఆడపెళ్లివాళ్ల పని లాంటిది: విడిది చూపించాలి, భోజనాలు, బండ్లు, ఎక్కడా మాట రాకూడదు. లెక్క వేసి చూద్దాం. ఇప్పుడు ఎస్‌ఈసీలో 16 జట్లు. ఆటగాళ్లు, కోచ్‌లు, ట్రైనర్లు కలిపి జట్టుకి నలభై మందికి తగ్గరు. పాతికేసి గదులు అనుకున్నా జట్లకే నాలుగు వందలు. అంపైర్లు, టీవీవాళ్లు, కాన్ఫరెన్స్ సిబ్బంది వేరే. 2024 దాకా 12 జట్లు, 17 మ్యాచ్‌లు. తొలిరోజు గండం గట్టెక్కిన ఎనిమిది జట్లకి ఒక ఓటమిని తట్టుకునే వీలుండేది. 2025 నుంచి 16 జట్లూ వస్తున్నాయి, కానీ ఓడితే ఇంటికే. మొత్తం 15 మ్యాచ్‌లు. జట్లు పెరిగాయి కదా, ఊరికి లాభమే అనిపిస్తుంది. కానీ మంగళవారం రాత్రికే నాలుగు జట్లు పెట్టె సర్దేస్తాయి, అంటే మన లెక్కలో వంద గదులు. బుధవారం ఇంకో నాలుగు. వాళ్ల వెనకే అభిమానులూ. అందుకే హోటళ్లతో ఒప్పందంలో ‘ముందే ఖాళీ చేస్తే ఎవరు కట్టాలి’ అన్న షరతు దగ్గర ఎక్కువ తగువు పడుతుంది. మొదటి నాలుగు సీడ్లకి (సీజన్ ఫలితాల్లో ముందున్న జట్లకి) రెండేసి బైలు, అంటే రెండు రౌండ్లు ఆడకుండానే ముందుకెళ్లే వీలు, కాబట్టి వాళ్ల తొలి ఆట గురువారమో శుక్రవారమో. 2025లో టాప్ సీడ్ టెక్సస్ ఆ తొలి మ్యాచ్‌లోనే టెనెసీ చేతిలో ఓడి వెళ్లిపోయింది. వారమంతా గది తీసుకున్న టెక్సస్ అభిమాని గతి ఊహించుకోండి.

మమ్మల్ని అన్నిటికంటే ఎక్కువసేపు కట్టిపడేసింది మాత్రం రెండు మ్యాచ్‌ల మధ్య అరగంట. మంగళ, బుధవారాల్లో రోజుకి నాలుగు ఆటలు, మొదటిది పొద్దున తొమ్మిదిన్నరకి. ఆఖరి అవుట్ పడీ పడగానే మైదానం సిబ్బంది పరుగు పెడతారు. ముందు పిచర్ నిలబడే మౌండ్. తెల్ల రబ్బరు పట్టీ ముందు ఒక గుంట, పిచర్ ముందుకాలు పడేచోట ఇంకో గుంట, ఆటకి ఇద్దరు ముగ్గురు తొక్కేసరికి చేయి దూరేంత లోతవుతాయి. వదులు మట్టి ఊడ్చి పారేస్తారు. గుంటని తడిపి, బంక మట్టి కొత్తది వేసి, దిమ్మిసతో కొడతారు. తడపకుండా వేస్తే కొత్త మట్టి పాతదాన్ని అంటుకోదు, రెండో ఇన్నింగ్స్‌కే పెచ్చులుగా లేచిపోతుంది. బ్యాటర్ నిలబడే హోమ్ ప్లేట్ దగ్గరా ఇదే తంతు. తర్వాత బేసుల మధ్య మట్టిని ఇనుప వల లాగి చదును చేస్తారు. గడ్డి అంచుకి కొన్ని అంగుళాల ముందే ఆపేస్తారు. అంచు దాకా లాగితే మట్టి గడ్డిలోకి చేరి గట్టు లేస్తుంది, దానికి తగిలిన బంతి షార్ట్‌స్టాప్ (రెండు, మూడు బేసుల మధ్య నిలబడే ఫీల్డర్) మొహం మీదికి లేస్తుంది. చివరగా పైపుతో నీళ్లు, సున్నపు గీతలు. బ్యాటర్ పెట్టె నాలుగడుగుల వెడల్పు, ఆరడుగుల పొడవు, చట్రం పెట్టి ఒక్క దెబ్బలో గీసేస్తారు.

అలబామా మే నెలలో సాయంత్రం ఉరుము వినపడకపోతే ఆశ్చర్యపోవాలి. దగ్గర్లో పిడుగు పడితే ఆట ఆగుతుంది. ఆఖరి పిడుగు నుంచి 30 నిమిషాలు గడవాలి, ఈలోగా ఇంకోటి పడితే లెక్క మళ్లీ మొదటికే. ఇన్‌ఫీల్డ్ (బేసులున్న భాగం) మీద కప్పే టార్పాలిన్ ఇంచుమించు 170 అడుగుల చదరం. లాగడానికి పదిహేను, ఇరవై మంది కావాలి. గాలి కిందికి దూరితే మనుషుల్నే ఎత్తేస్తుంది, అందుకని గాలి వచ్చే వైపు అంచుని ముందు తొక్కిపట్టాలి. కప్పింది ఎక్కువసేపు ఉంచినా చిక్కే, ఎండ వచ్చిందంటే కింద గడ్డి ఉడికిపోతుంది. నీళ్లు నిలిచిన చోట కాల్చిన మట్టి గుళికలు చల్లుతారు. ముందు నీటిని పంపుతోనో స్పాంజితోనో తోడేయాలి. తొందరపడి నిలువ నీటిలోనే బస్తా కుమ్మరిస్తే జావ తయారవుతుంది. చీపురుతో తోసేసినా తప్పే, నీటితో పాటు మట్టీ పోయి అక్కడ పల్లం మిగులుతుంది.

ఒక ఆట ఆలస్యమైతే తర్వాతి ఆటలన్నీ వెనక్కి జరుగుతాయి. ఏడు ఇన్నింగ్స్ తర్వాత పది పరుగుల తేడా ఉంటే ఆట ముగించే నియమం కొంత కాపాడుతుంది, కానీ హోరాహోరీ ఆటని ఎవరాపుతారు? 2019లో మిసిసిపీ స్టేట్, ఎల్‌ఎస్‌యూ (లూయిజియానా స్టేట్ యూనివర్సిటీ) 17 ఇన్నింగ్స్ (మామూలుగా తొమ్మిదే) ఆడి తెల్లవారుజామున మూడింటికి ముగించాయి. స్కోరు 6-5. బందోబస్తు పోలీసులకీ, గేటు సిబ్బందికీ ఆ రాత్రి ఓవర్‌టైమ్ ఊరి ఖాతాలోనే పడుతుంది. బిడ్ వేసేవాళ్లు మరిచిపోయే ఖర్చుల్లో మొదటిది ఇదే.

వానకి విరుగుడు పైకప్పు. బిగ్ 12 కాన్ఫరెన్స్ 2022 నుంచి కొన్నేళ్లు టెక్సస్‌లోని ఆర్లింగ్టన్‌లో, కప్పు మూసుకునే గ్లోబ్ లైఫ్ ఫీల్డ్‌లో ఆడింది. వాన బెడద లేదు. కానీ నలభై వేల సీట్లలో కాలేజీ జనం పలచగా కనిపిస్తారు. 2026కి ఆరిజోనాలోని సర్‌ప్రైజ్‌ని ఎంచుకున్నారు. అది మేజర్ లీగ్ జట్ల వసంతకాలపు శిక్షణా కేంద్రం, మే నాటికి ఖాళీ. చూశారా, మళ్లీ ఖాళీయే! నెబ్రాస్కాలోని ఒమాహాది ఇంకో రకం బలం. 1950 నుంచి కాలేజీ వరల్డ్ సిరీస్ (జాతీయ పోటీ ఆఖరి ఘట్టం) అక్కడే, ఇప్పుడున్న స్టేడియం కట్టిందే దానికోసం. అదే మైదానాన్ని మేలో బిగ్ టెన్ కాన్ఫరెన్స్‌కి ఇస్తారు. స్టేడియంతో సంబంధం లేకుండా చేజారిన సందర్భమూ ఉంది. ట్రాన్స్‌జెండర్ల బాత్రూమ్ వాడకంపై నార్త్ కరోలినా 2016లో చేసిన చట్టం మీద గొడవ లేచి, డర్హమ్‌లో జరగాల్సిన 2017 ఏసీసీ (ఇంకో కాన్ఫరెన్స్) టోర్నమెంట్ కెంటకీలోని లూయీవిల్‌కి తరలిపోయింది. మరుసటి ఏడు తిరిగి డర్హమ్‌కి వచ్చింది. ఊరు చేసిన తప్పేమీ లేదు, చట్టం రాష్ట్రానిది.

హూవర్ వెళ్లేవాళ్లకి కొన్ని మాటలు. ఐ-459 మీద ఎగ్జిట్ 10 స్టేడియానికి దగ్గర, కానీ సాయంత్రం ఆఫీసులు వదిలే వేళ అదే ఇరుకు. మూడో ఆట నాలుగున్నరకి ఉంటే మూడున్నరకల్లా లోపలుండేలా చూసుకోండి. హోటళ్లు ఎక్కువగా ఎగ్జిట్ 13 దగ్గర గల్లేరియా మాల్ చుట్టూ ఉన్నాయి. బ్యాగు పారదర్శకమైనదే ఉండాలి, 12 అంగుళాల పొడవు, 12 ఎత్తు, 6 వెడల్పు మించకూడదు. స్టేడియం పక్క ఆర్‌వీల (ఇల్లులా వాడుకునే బండ్ల) మైదానంలోకి ఒకసారి తప్పక వెళ్లండి. ఎల్‌ఎస్‌యూ వాళ్ల ఆర్‌వీల దగ్గర పెద్ద గరిటెలతో జంబలాయా (మాంసం వేసిన అన్నం) కలుపుతుంటారు. మాంసం తిననివాళ్లకి ఆ వాసనతోనే సరి. పెల్హమ్‌లోని హిందూ దేవాలయం దగ్గరే, కారులో వెళ్లి రావచ్చు. ఒక పూట ఖాళీ ఉంటే బర్మింగ్‌హామ్‌లోని రిక్‌వుడ్ ఫీల్డ్ చూడండి. 1910 నాటిది, అమెరికాలో నిలిచి ఉన్న ప్రొఫెషనల్ బేస్‌బాల్ మైదానాల్లో అన్నిటికన్నా పాతది.

ఏ రోజు వెళ్లాలంటారా? ఆట ఎలా నడుస్తుందో తెలుసుకోవాలంటే బుధవారం. నాలుగు ఆటలు, తక్కువ రద్దీ, మైదానం సిబ్బంది పని నాలుగు కోణాల్లో చూడొచ్చు. గట్టి జట్లే కావాలంటే శుక్రవారం. ఆదివారం ఫైనల్‌కి వెళ్తే ఒకటి గుర్తుంచుకోండి. రెండు జట్లకీ జాతీయ పోటీలో చోటు ఖాయమని ముందే తెలిసిన ఏడాది కోచ్‌లు తమ మేటి పిచర్‌ని తర్వాతి వారానికి దాచుకుంటారు. మీరు చూసేది మూడో నాలుగో పిచర్‌నే కావచ్చు.