రెండో కారు కొనని ఇల్లు

అమెరికాలో, న్యూజెర్సీ రాష్ట్రంలోని ఎడిసన్‌లో ఉన్నప్పుడు మాకు ఒకటే కారు. పొద్దున ఏడింటికి దాన్ని స్టేషన్ పార్కింగ్‌లో పెట్టి మన్‌హాటన్ రైలెక్కేవాణ్ణి. సాయంత్రం ఏడున్నర దాకా అది అక్కడే ఎండలో ఉండేది. ఇంట్లో నా భార్య, రెండేళ్ళ పాప. కూరగాయల కొట్టు రెండు మైళ్ళే, కానీ సగం దారిలో ఫుట్‌పాత్ లేదు. స్ట్రోలర్ తోసుకుంటూ వెళ్ళే రోడ్డు కాదది. తను వచ్చింది హెచ్-4 మీద, అంటే హెచ్-1బి ఉద్యోగి భార్యకి ఇచ్చే వీసా. వర్క్ పర్మిట్ లేదు, కాబట్టి ఉద్యోగానికి వీల్లేదు. లైసెన్సు తీసుకుంది గానీ కారు ఎప్పుడూ నా దగ్గరే. ఏది కావాలన్నా "శనివారం దాకా ఆగుదాంలెండి" అనేది. ఆ మాట నాకు చాలా ఆలస్యంగా వినపడింది.

ఇంటి లీజు ముగిసే నెలలో రెండో కారు కొనాలా, జెర్సీ సిటీలోని జర్నల్ స్క్వేర్‌కి మారాలా అన్న ప్రశ్న వచ్చింది. అక్కడ్నుంచి మన్‌హాటన్ వెళ్ళే పాత్ రైలు స్టేషన్‌కి ఆరు నిమిషాల నడకలో ఇల్లు చూశాం. అద్దె 650 డాలర్లు ఎక్కువ, గది ఒకటి తక్కువ. ఫ్రెండ్స్ వద్దన్నారు. "అద్దె కడితే పోయినట్టే, కారైతే మిగులుతుంది కదా" అన్నారు.

ఒక రాత్రి ఇద్దరం కూర్చుని లెక్క రాశాం. సెకండ్ హ్యాండ్ కారుకి నెల వాయిదా 410, ఇన్సూరెన్స్ 170, గ్యాస్ (పెట్రోలు), సర్వీసు కలిపి ఇంకో రెండు వందల పైన. అప్పుడే 780 దాటింది. కొత్త కారైతే 2024లో ట్రిపుల్ ఏ అనే వాహనదారుల సంఘం వేసిన సగటు ఖర్చు ఏడాదికి 12,297 డాలర్లు, నెలకు వెయ్యి దాటుతుంది. అందులో అన్నిటికంటే పెద్ద ముక్క తరుగుదల, అంటే ఏటేటా కారు విలువ పడిపోవడం. దానికి బిల్లు రాదు కాబట్టి ఎవరం లెక్కలో వేసుకోం. కారు "మిగులుతుంది" అన్నప్పుడు మరిచిపోయేది దాన్నే.

అద్దె ఆదాయంలో 30 శాతం దాటకూడదని ఇక్కడ అందరూ చెబుతారు. షికాగోలోని సెంటర్ ఫర్ నైబర్‌హుడ్ టెక్నాలజీ వాళ్ళు మాత్రం ఇల్లు, ప్రయాణం రెండూ కలిపి 45 శాతంలోపు ఉండాలంటారు. నాకు ఆ పద్ధతే సరైనదనిపిస్తుంది. దూరంగా చౌక ఇల్లు తీసుకుని మిగిల్చిన డబ్బు కారు మింగేస్తే మిగిలిందేముంది? చివరికి జర్నల్ స్క్వేర్‌కే మారాం. టికెట్‌లోనూ తేడా వచ్చింది. 2025 జనవరిలో పాత్ టికెట్ 3 డాలర్లు అయింది, అయినా ఎడిసన్ నుంచి కట్టినదానిలో చిన్న భాగమే. పైగా ఆఫీసులో అడిగితే రైలు పాస్ డబ్బును పన్ను లేకుండా జీతంలోంచి తీసుకుంటారు. 2025లో అది నెలకు 325 డాలర్ల దాకా ఉండేది. కారులో పోసే గ్యాస్‌కి ఆ వెసులుబాటు లేదు. కొత్తగా వచ్చినవాళ్ళలో చాలామందికి ఈ సంగతి తెలియదు, దయచేసి మీ హెచ్‌ఆర్‌ని అడగండి.

అయితే రైలు పక్కన ఉంటే చాలు, కారు వాడకం దానంతటదే తగ్గుతుందనుకోకూడదు. బర్క్‌లీలో పనిచేసే డేనియల్ చాట్‌మన్ అనే పరిశోధకుడు న్యూజెర్సీ స్టేషన్ల చుట్టుపక్కల కుటుంబాలనే అడిగి, 2013లో ఒక పరిశోధన ప్రచురించారు. రైలు దగ్గరగా ఉండటం కంటే పార్కింగ్ ఎంత దొరుకుతుంది, బస్సులు ఎన్ని ఉన్నాయి, ఎలాంటి ఇళ్ళు అన్నవే ఎక్కువ ప్రభావం చూపుతాయని తేలింది. మా ఇంట్లో జరిగిందీ అదే. కిరాణా, ఫార్మసీ, పాప డాక్టరు నడక దూరంలో ఉన్నాయి. వీధిలో కారుకి చోటు దొరకడం కష్టం కాబట్టి, ఒకసారి పెడితే మళ్ళీ తీయబుద్ధి కాదు. బ్రిడ్జ్‌వాటర్ గుడికీ, ఎడిసన్‌లో ఫ్రెండ్స్ ఇళ్ళకీ మాత్రం కారే. దాన్ని అమ్మలేదు, అమ్మే ఉద్దేశం కూడా లేదు. ఏడాదికి 12 వేల మైళ్ళు తిరిగే కారు ఇప్పుడు ఐదు వేలు తిరుగుతోంది.

మారిన రెండో వారంలో ఆఫీసులో ఉండగా ఫోన్‌కి ఫోటో వచ్చింది. లిబర్టీ సైన్స్ సెంటర్ ముందు పాప. ఎక్స్‌ఛేంజ్ ప్లేస్‌లో దిగి, లైట్ రైల్ మారి, ఇద్దరే వెళ్ళారు. ఆ రోజు మంగళవారం. నన్ను అడగాల్సిన పని పడలేదు. ఆ ఫోటో చూస్తూ చాలాసేపు కూర్చున్నాను. 650 డాలర్ల లెక్కలో ఇది మేము రాసుకోలేదు.

పోయిన వేసవిలో నాన్న వచ్చారు. అంతకుముందు వచ్చినప్పుడు ఎడిసన్ ఇంట్లో కిటికీ దగ్గర కుర్చీ వేసుకుని, వచ్చే పోయే కార్లు చూస్తూ గడిపారు. ఆరు నెలలుందామని వచ్చి మూడో నెలలోనే వెళ్ళిపోయారు. ఈసారి నాలుగు రోజులు నా వెంట స్టేషన్‌కి వచ్చి, గేటు దగ్గర కార్డు ఎలా పెట్టాలో, ఏ రైలు ఎటు పోతుందో చూసుకున్నారు. ఐదో రోజు నేను షూ వేసుకుంటుంటే, అప్పటికే చొక్కా మార్చుకుని గుమ్మం దగ్గర నిలబడ్డారు. "నువ్వెళ్ళరా, ఆఫీసుకి ఆలస్యమవుతుంది. నేను తర్వాతి రైలుకి వెళ్ళి నది ఒడ్డున కాసేపు కూర్చునొస్తాను" అన్నారు.