పొగాకు కొండల్లో మారిన ఓటు

లెక్సింగ్టన్ నుంచి మోర్‌హెడ్ దాకా ఇంటర్‌స్టేట్ 64 మీద సాఫీగా సాగిన ప్రయాణం, 32వ నంబరు రోడ్డెక్కగానే కొండ మలుపుల్లో పడింది. కెంటకీ తూర్పు కొండల్లోని ఎలియట్ కౌంటీని, దాని కేంద్రమైన శాండీ హుక్‌ను చూడాలని నాకు చాలాకాలంగా కోరిక. 1869లో ఏర్పడిన ఈ కౌంటీ 2012 దాకా ప్రతి అధ్యక్ష ఎన్నికలోనూ డెమోక్రాట్లకే ఆధిక్యం ఇచ్చింది. 2016లో సుమారు 70 శాతం ఓట్లు ట్రంప్‌కు వేసింది. ఇక్కడివారు దాదాపు అందరూ తెల్లవారే, అందులోనూ ఎక్కువమంది కాయకష్టం మీద బతికేవారే.

దారిలో ఒక పాత పొగాకు కొట్టం దగ్గర ఆగాను. ప్రకాశం జిల్లా బ్యారన్‌లలో వర్జీనియా ఆకును పొయ్యి వేడితో క్యూరింగ్ చేస్తారు గానీ, ఇక్కడ పండే బర్లీ రకం పొగాకును గాలికే ఆరబెడతారు కాబట్టి నిలువు చెక్కల మధ్య సందులు వదిలారు. మొక్కలను గుచ్చి వేలాడదీసే కర్రలు ఒక మూల పేర్చి ఉన్నాయి. ఆకు వాసన ఇంకా పోలేదు.

ఆ వాసనలోనే ఈ కౌంటీ రాజకీయం కొంత ఉందని నా నమ్మకం. 1930ల్లో డెమోక్రాట్ అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ కాలంలో మొదలైన పొగాకు కోటాలు (ఎవరెంత పండించాలో పెట్టిన పరిమితులు), మద్దతు ధర చిన్న కమతాల రైతుకు ఏటా నికరమైన రాబడి చూపించాయి, పార్టీతో అనుబంధాన్ని పెంచాయి. 2004 చట్టంతో ఆ ఏర్పాటు ముగిశాక రైతుకూ పార్టీకీ మధ్య మిగిలింది అలవాటు మాత్రమే. మార్పు ఒక్క రాత్రిలో రాలేదు: 2008లో ఒబామాకు 61 శాతం ఇచ్చినవారే 2012లో సగం కూడా ఇవ్వలేదు. కాబట్టి ట్రంప్ వైపు మళ్ళిన ఈ ఓటునంతా కొందరిలా జాతి ద్వేషమని ఒక్క మాటలో తేల్చేయడం నాకు అన్యాయంగా తోస్తుంది. ఆ ద్వేషమే లేదని కూడా నేననను.

శాండీ హుక్ హోటల్లో కాఫీ తాగుతూ కలిసిన ఒక పెద్దాయన, ఓటరు జాబితాలో తానింకా డెమోక్రాట్‌నేనన్నారు. కౌంటీ పోలీసు అధికారి అయిన షెరీఫ్ ఎవరో చాలాకాలంగా ఆ పార్టీ ప్రైమరీలోనే, అంటే అభ్యర్థిని ఎంచుకునే పార్టీ అంతర్గత ఎన్నికలోనే, తేలిపోయేదట. అందులో ఓటు వేయాలంటే పార్టీ సభ్యుడిగా నమోదై ఉండాల్సిందే. అధ్యక్షుడి విషయంలో మాత్రం బొగ్గు గురించి, తుపాకుల గురించి, గర్భస్రావం గురించి వాషింగ్టన్‌లోని తన పార్టీ నాయకుల మాట తనకు నచ్చలేదని చెప్పారు. ఇదే కౌంటీ 2019 గవర్నర్ ఎన్నికలో డెమోక్రాట్ ఆండీ బెషియర్‌ను గెలిపించింది. ఆ సంగతి అడిగితే ఆయన తడుముకోలేదు: అప్పటి రిపబ్లికన్ గవర్నర్ బెవిన్ టీచర్ల పింఛన్ల జోలికి వెళ్ళాడు, తన కూతురు టీచరు.